వీపు తిప్పిన సాక్షి

సాలొమన్ మామా అబద్ధమాడలేదు. ఠాణేలో మా వాళ్లను ఎవరిని అడిగినా ఈ మాట చెబుతారు. చూడలేదన్నాడు, నిజంగానే చూడలేదు. నేను సముద్రంలో మునిగిన రోజు ఆయన నీళ్లవైపు వీపు పెట్టి, కొబ్బరిచెట్లకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆడమనిషి మునుగుతున్నప్పుడు మగవాళ్లు అలాగే నిలబడాలి, అది పద్ధతి. ఆ పద్ధతిని అడ్డం పెట్టుకొని ఒక మనిషి ఇంకో మనిషి గొంతు కోయగలడని నాకప్పుడు తెలియదు. తెలిసి ఉంటే, ఇటు తిరిగి చూడండి మామా అని నీళ్లలోంచే అరిచి ఉండేదాన్ని. సిగ్గు పోతే పోయింది.

నేను సుగంధా మాత్రేగా పుట్టాను. మాది పేణ్ పక్కన ఉప్పుమళ్ల ఊరు. మా నాన్న హీరాజీ మాత్రే ఆ మళ్లలోనే పనిచేసేవాడు. ఎలీజర్ వాక్రూల్కర్ మా ఊరి మీదుగా పోయే బస్సులు బాగుచేసే డిపోలో మెకానిక్. బస్సులకంటే ఎక్కువగా మా వీధినే బాగుచేస్తున్నట్టు తిరిగేవాడు. వాళ్లు యూదులు, బెనే ఇజ్రాయెల్ వాళ్లు. శనివారం పని ముట్టరు కాబట్టి మా ఊళ్లో వాళ్లని శనివారం గానుగ ఆపే జనం అనేవారు. గానుగలు ఎప్పుడో పోయాయి గాని పేరు పోలేదు.

మా సంగతి తెలిసి ఎలీజర్ తల్లి అన్నం మానేసింది. అప్పుడు ఆమెకు నచ్చజెప్పింది ఆమె అన్న సాలొమన్ మామానే. "పిల్ల నిదానస్తురాలు. దానికి ఇష్టమైతే పద్ధతి ప్రకారం మనలో కలుపుకుందాం. కలుపుకున్నాక మాత్రం ఎవరూ వంక పెట్టకూడదు," అన్నాడట. నాకు హీబ్రూ అక్షరాలు దిద్దించింది ఆయనే. మాంసం గిన్నె, పాల గిన్నె కలవకూడదని, శుక్రవారం పొద్దు గూకేలోపు దీపం వెలిగించాలని, ఆ దీపానికి ఏం చదవాలో, కళ్లు ఎప్పుడు మూసుకోవాలో నేర్పింది ఆయనే. కన్నతండ్రి దగ్గర ఏమీ నేర్చుకోలేదు నేను, ఉప్పు పోగుచెయ్యడం తప్ప. మామా దగ్గర నా బతుకంతా నేర్చుకున్నాను. అందుకే ఇంత మంట.

నవ్‌గావ్ ఒడ్డున సముద్రంలో నన్ను ముంచారు, అలా మునిగితేనే మతంలో కలిసినట్టు. మా వాళ్ల పూర్వీకులు ఓడ పగిలి కొట్టుకొచ్చిన ఒడ్డు అదేనంటారు. సాక్షులుగా పెద్దలు ముగ్గురు వచ్చారు: డేనియల్ కాకా, ప్రార్థనలు చదివించే హన్నోక్ హజ్జాన్, సాలొమన్ మామా. వాళ్లు వీపులు తిప్పి నిలబడితే మా అత్తగారు నాతో నీళ్లలోకి దిగి, తల వెంట్రుక కూడా పైకి తేలకుండా మూడుసార్లు ముంచింది. నేను వణుకుతూ చదవవలసింది చదివాను. ఒడ్డునుంచి ముగ్గురూ ఆమేన్ అన్నారు. సిప్పోరా అని పేరు పెట్టారు. ఆ తరువాత మా ప్రార్థన మందిరం, అదే సినగాగులో, పందిరి కింద పెళ్లి. డేనియల్ కాకా, హజ్జాన్, మా అత్తగారు ఇప్పుడు లేరు. ఆ రోజువాళ్లలో మిగిలింది మామా ఒక్కడే. ఇప్పుడు మా సినగాగ్ పెద్ద ఆయన, ముకద్దం అంటారు.

నాకు ఒక్కతే కూతురు, యెరూషా. పదహారేళ్లు. పొగుడుతున్నానని అనుకోవద్దు, దాని నోరు మంచిది కాదు, గది శుభ్రంగా ఉంచుకోదు, తండ్రి ఫోను లాక్కుంటుంది. కాని సినగాగ్ మేడమీద హాల్లో ఆదివారం జరిగే పిల్లల క్లాసు అంటే మాత్రం ప్రాణం. తమారా టీచర్ నడిపేది ఆ క్లాసు. పదమూడు దాటిన పిల్లలకి హీబ్రూ, చరిత్ర, పండగలు, పాటలు, మధ్యలో వడాపావ్. "ఈ వయసు పిల్లల్ని దేవుడు పిలిస్తే రారు, వడాపావ్ పిలిస్తే వస్తారు," అనేది తమారా. యెరూషా వడాపావ్ పిలవకముందే వెళ్లేది. వెళ్లి కుర్చీలు వేసేది. కింద గదిలో చిన్నపిల్లలకి అక్షరాలు చెప్పే పని కూడా దానికే ఇచ్చారు. పూర్వీకుల కథ అది చెబుతుంటే పిల్లలు నోళ్లు తెరుచుకొని వినేవారు. అలల చప్పుడు కూడా అదే నోటితో చేసేది.

ప్రతి ఏడూ ఆ క్లాసులోంచి బాగా చదివే పిల్లల్ని వేసవిలో యెరూషలేము శిబిరానికి పంపుతారు. ప్రపంచంలోని యూదుల పిల్లలంతా అక్కడ చేరతారు. ఈసారి యెరూషా పేరు అందరికంటే పైన ఉందని తమారా ముందే చెప్పింది. ఆ రోజు మా ఆయన డిపో అంతటికీ పేడాలు పంచాడు. నేను దాని కోసం మంచి చెప్పులు కొన్నాను, అక్కడ ఎత్తుపల్లాల్లో బాగా నడవాలంటే.

పిల్లల్ని చూసి పోవడానికి అక్కడినుంచి ఒక రబ్బీ, అంటే మతగురువు, వచ్చాడు. ఎర్రగడ్డం, చిన్న వయసు, మన ఎండకి చెమటలు కారిపోతూ కూడా నవ్వుతూనే ఉండేవాడు. ఆయన వచ్చిన ఆదివారం తమారా ఒక కార్యక్రమం పెట్టింది. ప్రతి పిల్లా, పిల్లాడూ వాళ్ల అమ్మమ్మ వంట ఒకటి తెచ్చి, అమ్మమ్మ గురించి నాలుగు మాటలు చెప్పాలి. "దాచుకోకండి పిల్లలూ. మీ అమ్మమ్మ ఎలాంటిదో అలాగే చెప్పండి. ఇది మన ఇల్లు," అంది.

ఎవరో కొబ్బరిపాల చేపలకూర తెచ్చారు. మామా మనవడు రూవెన్ గోధుమపాల హల్వా తెచ్చాడు, సగం దార్లోనే తినేశాడని అందరికీ తెలిసిపోయింది. యెరూషా మా అమ్మ చేసే పద్ధతిలో మొలకెత్తిన అనపగింజల కూర, బియ్యప్పిండి రొట్టెలు తీసుకెళ్లింది. గింజల పొట్టు తీసి తీసి నా గోళ్లు నల్లబడ్డాయి.

"మా అమ్మమ్మ పేరు హీరూబాయి," అని మొదలుపెట్టింది యెరూషా. "ఉప్పుమడిలో పొద్దస్తమానం నిలబడినా చీర అంచు తడవనిచ్చేది కాదు. తాతయ్య మాట వినేది కాదు. ఎవరి మాటా వినేది కాదు. అమ్మ అంటుంది, నేను అచ్చం అమ్మమ్మనేనని."

అందరూ నవ్వారు. రబ్బీ రొట్టె తుంచి కూర అద్దుకొని తిన్నాడు, మళ్లీ వేయించుకున్నాడు. చెయ్యి తుడుచుకుంటూ ఏదో అడిగాడు. తమారా మరాఠీలో చెప్పింది: "అమ్మమ్మగారు ఏ సినగాగ్‌కి వెళ్లేవారు అని అడుగుతున్నారు."

యెరూషాకి నవ్వాగలేదు. "మా అమ్మమ్మకి సినగాగ్ ఏంటి టీచర్! ఆమెకి ఏకవీరా అమ్మవారు తప్ప ఇంకెవరూ తెలీదు. ఏటా కార్లా కొండెక్కేది."

దానికి అందులో దాచవలసింది ఏమీ కనిపించలేదు. దాచమని మేమెప్పుడూ చెప్పలేదు. అమ్మ ఒక ఇంట్లో పుట్టి ఇంకో ఇంటికి వచ్చింది, వచ్చాక ఈ ఇంటిదే అయింది, అంతే దానికి తెలుసు. హాల్లో పెద్దవాళ్లు మాత్రం పళ్లాల్లోకి చూసుకున్నారు. తమారా ఆ జవాబు ఇంగ్లీషులో చెప్పడానికి కొంచెం ఆలస్యం చేసింది. రబ్బీ తల ఊపి, యెరూషాని మెచ్చుకొని, పక్క పిల్లాడి వైపు తిరిగాడు. ఆయన మొహంలో నవ్వు పోలేదు గాని రెండో రొట్టె పళ్లెంలో అలాగే ఉండిపోయింది.

మర్నాడు సాయంత్రం మమ్మల్ని కమిటీ గదికి పిలిచారు. నేను ఏమాత్రం భయపడలేదు. భయపడవలసిన పని చేసినదాన్ని కాదు. రబ్బీ మర్యాదగానే మాట్లాడాడు. తల్లి యూదురాలైతేనే పిల్ల యూదురాలు, ఇది మీకు తెలియనిది కాదు, మీరు మనలో ఎలా కలిశారో చెప్పండి అన్నాడు. అన్నీ చెప్పాను. అత్తగారు ముంచిందన్నాను. పెద్దలు ఎవరని అడిగితే ఇద్దరి పేర్లు చెప్పి, "మూడో ఆయన ఇదుగో," అని మామాని నవ్వుతూ చూపించాను. నవ్వుతూ! తలుచుకుంటే నా మొహం మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

రబ్బీ ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే ఇంకేం. ముగ్గురిలో ఒకరు ఒక్క మాట చెబితే నాకు చాలు," అన్నాడు. తమారా మొహం కూడా విచ్చుకుంది.

మామా టోపీ తీసి, తల తుడుచుకొని, మళ్లీ పెట్టుకున్నాడు.

"మేం వీపు తిప్పి నిలబడ్డాం," అన్నాడు. "నేను చూడలేదు. చూడనిది చూశానని దేవుడి ఇంట్లో ఎలా చెప్పను?"

"చూడక్కర్లేదు. ఆమె చదవడం విన్నారా?" అని రబ్బీ అడిగించాడు.

"అలల హోరు బాబూ. గాలి కూడా. పాత సంగతి."

"మామా, మీరు ఆమేన్ అన్నారు," అన్నాను నేను.

ఆయన నా వైపు చూడలేదు. గోడకున్న కాలెండరు వైపు చూస్తూ, "పెద్దాళ్లిద్దరూ అన్నారేమో. వాళ్లతో పాటు అనేసి ఉంటాను," అన్నాడు.

మా ఆయన మెల్లగా, "పెళ్లి పత్రం ఉంది కదా మామా. సినగాగులో అందరి ముందూ చదివారు," అన్నాడు.

"అది పెళ్లికి సాక్ష్యం రా. మునకకి కాదు," అన్నాడు మామా.

రబ్బీ మొహం వాడిపోయింది. ఆయన్ని నేను తప్పు పట్టను. సాయం చెయ్యాలనే అడిగాడు, నోరు తెరిపించాలనే చూశాడు. ఎదుటివాడు నోరు కుట్టేసుకుంటే ఆయనేం చేస్తాడు? ఈ స్థితిలో పిల్లని పంపలేనని, కాకపోతే ఒక దారి ఉందని, తల్లీ కూతురూ ఇప్పుడు తన ముందు మునిగితే అంతా సరిపోతుందని చెప్పాడు. పిల్ల ఇన్నేళ్లు క్లాసులో చదివింది కాబట్టి కొత్తగా నేర్చుకోవలసింది కూడా ఏమీ లేదట.

నేను లేచి వచ్చేశాను. మెట్ల దగ్గర యెరూషా నిలబడి ఉంది. తలుపు పక్కనుంచి మొత్తం విన్నట్టుంది. "మామా తాతకి మతిమరుపు వచ్చిందా అమ్మా?" అని అడిగింది. దాని చెయ్యి పట్టుకొని మెట్లు దిగాను.

శుక్రవారం మధ్యాహ్నం మామా ఇంటికి వెళ్లాను. ఆ వేళకి ఆయన ఏం చేస్తుంటాడో నాకు తెలుసు. రాత్రి ప్రార్థనకి ఎండుద్రాక్ష నానబెట్టి, చేత్తో పిసికి, గుడ్డలో వడకడుతుంటాడు. ఆ షర్బతు చెయ్యడం నాకు నేర్పింది కూడా ఆయనే. నన్ను చూసి, "రా అమ్మాయి, కూర్చో," అన్నాడు, ఏమీ జరగనట్టే.

"కూర్చోడానికి రాలేదు. నిజంగా మరిచిపోయారా?"

ఆయన గుడ్డ పిండడం ఆపలేదు. "మరిచిపోవడమేంటి. అంతా గుర్తే. నీ పళ్లు టకటకా కొట్టుకున్నాయి. ఒక మాట దగ్గర తడబడి మళ్లీ మొదట్నుంచి చదివావు. మా చెల్లెలు కేకలేసింది, తొందరపడకు అని. డేనియల్‌కి నవ్వొచ్చి దగ్గినట్టు నటించాడు."

మరిచిపోయి ఉంటే బాగుండేదనిపించింది. ముసలితనమని సరిపెట్టుకునేదాన్ని.

"మరి ఆ మాట అక్కడెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమవుతుందో నీకు తెలీదు." ఇప్పుడు నా వైపు చూశాడు. "ఒడ్డున నిలబడ్డ ముగ్గురిలో రబ్బీ ఎవరు? ఎవరూ లేరు. హజ్జాన్ ఒకడు, కిరాణా కొట్టువాడు ఒకడు, నేనొక రైల్వే గుమస్తాని. అప్పట్లో మనకి దిక్కెవరు? మనమే కలుపుకున్నాం. నువ్వొక్కదానివేనా? ఇంకా ఉన్నారు. నీ దగ్గర మొదలుపెడితే వాళ్లు తవ్వుతూ పోతారు. మీ ముగ్గురికీ ఏం అధికారం అంటారు. ఇంకెవరెవరిని ముంచారంటారు. మా తరంలో ఒకసారి అయింది ఈ అవమానం, మీరసలు యూదులేనా అని అక్కడివాళ్లు మొహం మీద అడిగారు. మళ్లీ అదే పడమంటావా? నీ ఒక్కదాని కోసం ఊరందరి మీదా వేలు చూపించుకోనా?"

"అందుకని నన్ను తోసేశారు."

"తొయ్యలేదమ్మా. ఇంకోసారి మునుగు. అయిపోతుంది. నీకు పోయేదేం లేదు, వాళ్లకీ బాగుంటుంది."

"రూవెన్ వెళ్తున్నాడా శిబిరానికి?"

"వాడి సంగతి వేరు," అన్నాడు మామా. "వాడి అమ్మమ్మ పెళ్లి మా నాన్న చేశాడు. దాని వెనక్కి ఎవరూ తవ్వరు."

ఏరు దాటాక తెప్ప తగలేసే మనుషుల్ని చూశాను. తెప్ప నడిపినవాడే, మనిషి ఇంకా దాని మీద ఉండగానే తగలేయడం మాత్రం అప్పుడే చూశాను. "కలుపుకున్నాక ఎవరూ వంక పెట్టకూడదన్నది మీరే మామా," అన్నాను. ఆయన ద్రాక్షరసం గిన్నె మీద మూత పెట్టాడు. పొద్దు గూకక ముందే ఇంటికి వెళ్లి దీపం వెలిగించుకోమన్నాడు. ఏ దీపం, ఎవరి దీపం అని అడగాలనుకున్నాను. అడగకుండానే చెప్పులు తొడుక్కున్నాను.

ఇంటికి వచ్చాక మా ఆయనకి మొత్తం చెప్పాను. ఆయన వెళ్లి మామా కాలర్ పట్టుకుంటాడని అనుకున్నాను. అంత కాకపోయినా కనీసం చొక్కా తొడుక్కుంటాడని అనుకున్నాను. మంచం మీద కూర్చొని మోకాళ్లు రుద్దుకున్నాడు.

"పోనీ, మునిగితే పోయేదేముంది సిప్పోరా? నీళ్లే కదా."

"నీళ్లే అయితే మీరు మునగండి."

"నాకెందుకు..."

"అవును, మీకెందుకు? ఇప్పుడు నేను మునిగితే, ఇన్నేళ్లూ మునగనిదాన్నే అని ఒప్పుకున్నట్టు. అప్పుడు నేను మీకు ఏమవుతాను? మీ ఇంట్లో శుక్రవారం దీపం పెట్టింది ఎవరు? మీ అమ్మ పోతే ఆమె ఒంటిని కడిగి గుడ్డ కట్టింది ఎవరు? మనవాళ్ల ఆడవాళ్లు తప్ప తాకకూడదు కదా ఆ ఒంటిని. పరాయిదాన్ని తాకనిచ్చారా మీ అమ్మని?"

"గట్టిగా మాట్లాడకు. పక్కింట్లో వింటారు."

ఇదీ నా మొగుడు. మంచివాడు. ఎవరి మీదా చెయ్యెత్తడు, ఎవరికోసమూ నోరెత్తడు. ఆ మంచితనాన్ని చూసే చేసుకున్నాను. కట్టుకున్నవాడి మంచితనం కూడా ఒక్కోసారి ఎంత చేదుగా ఉంటుందో ఆ రాత్రి తెలిసింది.

మొదట్లో యెరూషా నాకంటే ఎక్కువ మండిపడింది. శిబిరానికి వెళ్లనంటే వెళ్లనంది. మామా తాత ఎదురైతే మొహం తిప్పుకుంది. తరువాతి ఆదివారం క్లాసుకి వెళ్లి, వెళ్లిన కాళ్లతోనే తిరిగొచ్చింది. కింద గదిలో చిన్నపిల్లలకి వేరే అమ్మాయి అక్షరాలు చెబుతోందట. "కొన్నాళ్లు ఆగు యెరూషా, ఈ సంగతి తేలనీ," అందట తమారా. కుర్చీలు మాత్రం వెయ్యమందట.

ఇది మామా చెప్పిన మాటకంటే నన్ను ఎక్కువ కోసింది. దాచుకోకండి, ఇది మన ఇల్లు అన్న మనిషే ఇలా చేసింది. పిల్ల నిజం చెప్పినందుకు శిక్ష, ముసలాయన నిజం మింగినందుకు ముకద్దం పీట. ఆ క్లాసులో ఇంకేం నేర్పుతారో నాకు తెలియదు గాని ఈ పాఠం మాత్రం బాగా నేర్పారు.

రెండు రోజులు అది గదిలోంచి రాలేదు. మూడో రోజు వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడింది.

"నేను మునుగుతానమ్మా. రబ్బీ వెళ్లేలోపు."

నేను గరిటె కింద పెట్టాను. "నువ్వు మునిగితే ఏమవుతుందో తెలుసా? మా అమ్మ యూదురాలు కాదు అని నువ్వే సాక్ష్యం చెప్పినట్టు."

"నేను అలా చెప్పను. ఊరికే మునుగుతా."

"మునగడమే చెప్పడం, తల్లీ."

"అయితే ఏం చెయ్యమంటావ్?" అని అరిచింది. "నువ్వు నీ కోపం పట్టుకొని కూర్చో. కూర్చోడానికి నీకు ఇల్లుంది. నాకేముంది? నాకు క్లాసు తప్ప ఫ్రెండ్స్ కూడా లేరు. స్కూల్లో నేను యూదుల పిల్లని, ఇక్కడ మాత్రం కాదట. నేనెక్కడ కూర్చోవాలి? చెప్పు. నీ కోపం ముఖ్యమా, నేను ముఖ్యమా?"

అదీ కన్నీళ్లు తుడుచుకుంటోంది, నేనూ తుడుచుకుంటున్నాను, కాని ఇద్దరం ఒకే దాని కోసం ఏడవడం లేదు. పదహారేళ్లు నా ఒళ్లో పెరిగిన పిల్ల నన్ను దాటుకొని వెళ్లిపోతోందని నాకు తెలుస్తూనే ఉంది. మామా మోసం చేశాడు, మొగుడు చేతులు దులుపుకున్నాడు, తట్టుకున్నాను. ఇది తట్టుకోవడం నా వల్ల కాలేదు. అయినా వద్దనలేదు. నేను మాత్రం దిగనన్నాను.

వ్యానులో నవ్‌గావ్ వెళ్లాం. వానలు ఇంకా దిగలేదు గాని మబ్బు పట్టింది. రబ్బీ, మామా, కమిటీలోంచి అబ్నేర్ కాకా, ఈ ముగ్గురూ పెద్దలు. అవును, మామానే మళ్లీ. యెరూషాకి తోడు తమారా. మా ఆయన ముందు సీట్లో డ్రైవరుతో గేర్‌బాక్సు గురించి మాట్లాడుతూ కూర్చున్నాడు.

ఒడ్డున దిగాక నేను తువ్వాలు, పొడిబట్టలు పట్టుకొని పిల్ల వెనకే నడిచాను. నీళ్ల దగ్గర తమారా ఆగింది.

"మీరు ఇక్కడే ఉండండి సిప్పోరాబాయి."

"ఎందుకు? నా పిల్లే కదా. ఒళ్లు నేను చూడనిదా?"

"అది కాదు..." ఆమె చూపు దించుకుంది. "నీళ్లలో పక్కన ఉండే మనిషి మనవాళ్లే అయ్యుండాలట. రబ్బీ చెప్పారు."

యెరూషా నా వైపు చూసింది. ఏదైనా అంటుందేమో, అమ్మ రాకపోతే నేను దిగను అంటుందేమో అని ఒక్క క్షణం ఆశపడ్డాను. అది చెప్పులు విప్పుకుంది. నేను తువ్వాలు తమారా చేతికిచ్చి వెనక్కి వచ్చాను.

మగవాళ్లు వీపులు తిప్పి నిలబడ్డారు, మా ఆయన కూడా. నేను తిరగలేదు. నేను ఎవరి సాక్షినీ కాదు కదా, నాకెందుకు పద్ధతి? కళ్లార్పకుండా చూశాను. నా కూతురి తల నీళ్లలోకి పోవడం, జుట్టు తేలితే తమారా అరచేత్తో అదమడం, పిల్ల ఉక్కిరిబిక్కిరై పైకి రావడం, మళ్లీ పోవడం, అన్నీ చూశాను. ఆ ఒడ్డున చూసినదాన్ని నేనొక్కదాన్నే, నా చూపుకి విలువ లేదు. తరువాత అది చదివింది, దీపం ముందు నా పక్కన కూర్చొని నేర్చుకున్న గొంతుతోనే. ఒక్క మాట కూడా తడబడలేదు. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది మామా. ఆ రోజు గాలి లేదు కాబోలు.

పొడిబట్టలు కట్టుకొని, తడిజుట్టుతో, పెదవులు నల్లబడి వచ్చింది యెరూషా. రబ్బీ ఏ పేరు పెట్టుకుంటావని అడిగాడు. ఉన్న పేరే చాలంది. ఆయన చిన్న ప్రార్థన చదివి, పేరు పిలవమని మామాకి సైగ చేశాడు. మామా దాని తల మీద చెయ్యి పెట్టాడు.

"నేటినుంచి ఇజ్రాయెల్ జనంలో ఈమెని యెరూషా, అబ్రహాం కూతురు అని పిలుస్తారు."

మా ఆయన నవ్వాడు. ముసలాయన పొరబడ్డాడనుకున్నాడు. "ఎలీజర్ కూతురు, మామా," అని అందించాడు.

"కాదు రా," అన్నాడు మామా. "కొత్తగా వచ్చినవాళ్లకి వెనక తండ్రి ఉండడు. మన మూలపురుషుడు అబ్రహామే తండ్రి. రేపు దీని పెళ్లి పత్రంలోనూ అంతే రాస్తారు."

మా ఆయన రబ్బీ వైపు చూశాడు. తమారా చెబితే రబ్బీ కూడా అవునన్నట్టు తలూపాడు. యెరూషా తువ్వాలు రెండు చేతులా బిగించి పట్టుకొని, "నాకెవరూ చెప్పలేదు పప్పా," అంది.

"నేను బతికుండగా..." అని మా ఆయన నా వైపు తిరిగాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. "అబ్రహాం ఏంటి? దీని తండ్రిని నేను కదా? సిప్పోరా, నువ్వైనా చెప్పు. నేను కదా?"

సినగాగులో పందిరి కింద నా పెళ్లి పత్రం గట్టిగా చదివిన రోజు గుర్తొచ్చింది. సిప్పోరా, అబ్రహాం కూతురు అని చదివారు. వెనక వరసలో ఎవరిదో టోపీ అరువు తెచ్చుకొని నెత్తిన పెట్టుకున్న హీరాజీ మాత్రే, ఉప్పుతో పగిలిన చేతులు ఒళ్లో పెట్టుకొని, సగం లేచి నిలబడ్డాడు.

"మా నాన్న కూడా ఆ రోజు ఇదే అడిగాడండీ," అన్నాను. "మీరంతా నవ్వారు."